షిఫ్టింగ్

పికప్పు బండి తలుపు మీద
తెల్ల రంగుతోని ఒకటే మాట రాసి ఉంటది,
కింద ఫోన్ నంబరు.
నాకు ఆ మాట చదవరాదు గానీ పలుకుడు వచ్చు.
షార్జాల దిగిన తెల్లారి నేర్చిన మొదటి ఇంగ్లీషు అదే,
నీళ్లు అడిగే మాట కన్న ముందు.

ఫోర్‌మన్ గుల్ జమాన్ చెయ్యి ఊపుతడు: షిఫ్ట్.
ఫ్రిజ్జు లేస్తది.
తొమ్మిదో అంతస్తు మేడం వేలు చూపుతది:
షిఫ్ట్, కొద్దిగ, ఇంకొద్దిగ.
సోఫా జానెడు జరుగుతది,
మళ్ల బెత్తెడు వెనుకకు వస్తది.
కిరాయి పెరిగినోళ్లు అజ్మాన్‌కు షిఫ్ట్,
జీతం పెరిగినోళ్లు దుబాయికి షిఫ్ట్,
నౌకరి ఊడినోళ్లు గూడ షిఫ్ట్ అనే అంటరు,
కాకుంటే వాళ్ల టీవీ సగం ధరకు మాకే ఇస్తరు.

మంచాలు విప్పుతం,
మరలన్ని ఒక పాత సాక్సుల పోసి ముడేస్తం.
బీరువా జరిపితే కింద
నేల అసలు రంగు బయటపడతది,
ఎవలో ఏడ్చి ఏడ్చి దేవులాడిన చెవికమ్మ
దుమ్ముల నిమ్మలంగ పండుకోని ఉంటది.

ఒకపారి రోల్లాల లిఫ్ట్ చెడిపోయి
ఆరో అంతస్తు మెట్ల మీద కూసున్నం,
నడుమల బట్టలు ఉతికే మిషను.
గుల్ జమాన్ అడిగిండు: మీ దిక్కు దీన్ని ఏమంటరు?
ఒకటి గాదు భాయ్, అన్న.
బస్సుల పక్కోనికి చెప్తే జరుగు.
పెట్టెల బట్టలు పెడితే సదురుడు,
ఇద్దరు పట్టే అర్రల ఎనిమిది మంది పంటే
అది గూడ సదురుకునుడే.
నారు పీకి పక్క మడిల పెడితే నాటు.
ఎండ కాళ్ల మీదికి వస్తే
మంచం నీడకు గుంజుకునుడు.
ఆయన మీసంల నవ్విండు:
ఇన్ని మాటలు మొయ్యాలంటే ఇంకో బండి గావాలె.

నేను పండే మంచం గూడ షిఫ్టే.
పగలు ముత్తెన్నది, రాత్రి నాది.
మెట్‌పల్లి దిక్కు మనిషి,
రాత్రంత ఏదో మాల్‌ల నేల తుడుస్తడు.
ఏడాదిన్నరల మొకం చూసింది నాలుగుసార్లు,
అదీ దర్వాజ కాడ, చెప్పులు ఏసుకుంట.
నేను వచ్చేసరికి దిండు ఇంకా వెచ్చగుండేది,
నొప్పుల మందు వాసనతోని.
ఒకనాడు దిండు కింద సగం బిస్కెట్ పొట్లం ఇడిసిపోయిండు.
నేను పల్లిపట్టి పెట్టిన.
మరునాడు ఆ కాగితం
నాలుగు మడతలు పెట్టి ఉన్నది, సాపుగ,
ఉత్తరం లెక్క.
ఇప్పి చూసిన. ఏం లేదు.

మొన్న పండుకుంటే దిండు సల్లగున్నది.
నిన్న గూడ.
కాంపు బాసును అడిగితే
రిజిస్టర్ల నుంచి తల ఎత్తకుంట అన్నడు:
షిఫ్ట్ అయిండు.
ఎక్కడికి?
ఇంకో కాంపుకా, దవాఖానకా, దేశానికా?
షిఫ్ట్, అన్నడు మళ్ల,
పాత ఫ్యాను గొంతుతోని.

ఆ మాటకు బయటి తలుపే ఉన్నది,
లోపల అర్ర లేదు.

ముత్తెన్న ఎటు జరిగిండో ఎరుక లేదు,
ఏం జరిగిందో ఎరుక లేదు.
మా భాషల రెండింటికీ ఒకటే మాట,
చివర ఒక్క అక్షరం మారితే
మనిషి వార్తయితడు.
అడుగుదామంటే నాకు భయం,
ఏ అక్షరం చెప్తరో అని.

పొద్దున అల్ నహ్దాల పనున్నది,
పియానో ఉన్నదట, నలుగురం గావాలె.
పండుకోవాలె.
గోడ దిక్కు జరిగిన,
ఎన్నడూ ఇద్దరం కలిసి పండని మంచంల
సగం జాగ ఇడిసి.

దిండు కింద చెయ్యి పెడితే
కొత్త పల్లిపట్టికి చీమలు పట్టినయి.
పలుకు తరువాత పలుకు
గోడ పగులులకు జరుపుతున్నయి,
వాటికి ఫోర్‌మన్ లేడు.